ఆ గడ్డి అసలు పేరు అడిగి నాటండి

సంపాదకుడు గారికి,

మా వీధి చివరి పార్కులో రెండేళ్ల కిందట అందం కోసం గడ్డి దుబ్బులు పెట్టారు. సజ్జ కంకికి నూగు పట్టినట్టు మెత్తటి కుచ్చులు. ఫౌంటెన్ గ్రాస్ అన్నాడు తెచ్చినాయన. వాటి పక్కన సెల్ఫీ దిగనివాళ్లు లేరు, నేనూ దిగాను. ఈ వానలు వెలిశాక చూస్తే అవే మొలకలు సైడు కాలువ పగుళ్లలో, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కింద, పక్క ఖాళీ స్థలంలో. పీకబోతే గరుకు ఆకు వేలు కోసింది.

సేద్యం చేసే ఇంట పుట్టినవాణ్ని, కంకి చూడగానే చుట్టరికం తెలిసింది. శాస్త్రజ్ఞులు పెన్నిసెటమ్ అనే గడ్డి కుదురు ఇది. మనం తినే సజ్జ, గేదెలకు వేసే ఏనుగు గడ్డి కూడా అందులోవే. 2010లో పరిశోధకులు వీటన్నిటినీ సెంక్రస్ అనే ఇంకో గడ్డి కుదురులో కలిపేశారు. నర్సరీలో మాత్రం అన్నీ ఫౌంటెన్ గ్రాసే.

చిక్కల్లా అక్కడే. వంగపండు రంగు ఆకులదానికి గింజ దాదాపు పట్టదు, దుబ్బు చీల్చి నాటుకోవాల్సిందే. పచ్చాకుది వేరే రకం, శాస్త్రీయ నామంలో సెటేషియం అంటారు. ఉత్తర ఆఫ్రికా మెట్టనేలల్లో పుట్టిన ఈ గడ్డి పుప్పొడి కలవకపోయినా గింజ కడుతుంది. ఆ గింజ గాలికి, నీటికి, బండి చక్రాలకు అంటుకుని పోతుంది. హవాయి దీవులకు అందం కోసమే తీసుకెళ్తే లావా నేలల్ని ఆక్రమించింది. ఎండితే భగ్గుమని చుట్టుపక్కల చెట్లను కాల్చి, తాను మాత్రం మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. 2017లో ఐరోపా సమాఖ్య దాని అమ్మకం, పెంపకం ఆపేసింది.

మా పార్కులోది పచ్చాకుదే. మొన్న మే ఎండల్లో ఎవరో పారేసిన బీడీ ముక్కకు రెండు దుబ్బులు అంటుకున్నాయి, కిళ్లీకొట్టాయన బిందెడు నీళ్లు కుమ్మరించి ఆర్పాడు. జులైకి అవే దుబ్బులు మునుపటికంటే పచ్చగా ఉన్నాయి!

పార్కు వరకైతే తవ్వించుకుంటాం. కాలువ గట్లకు, డివైడర్లకు పచ్చదనం అంటూ ఇదే తెస్తేనే భయం. రైవస్ కాలువలో పడ్డ గింజ బెజవాడలో ఆగదు, డెల్టా చేలదాకా పోతుంది. టెండరులో ‘అలంకార గడ్డి’ అని వదిలేయకుండా మొక్క శాస్త్రీయ నామం రాయించాలి, దించుకునేటప్పుడు చూసుకోవాలి. గట్టుకైతే వట్టివేరు ఉండనే ఉంది, పదడుగుల లోతుకు వేరు దింపి మట్టిని పట్టుకుంటుంది. రెల్లు పెట్టమని అనను. ఆశ్వయుజంలో ఎంత ముచ్చటగా ఉన్నా చేలోకి దిగితే అదీ తలనొప్పే.

ఈ ఆదివారం మా వీధివాళ్లం గునపాలు పట్టుకుని దిగుతున్నాం. ఇదే గడ్డి పెంచుకుంటున్నవాళ్లకు ఒక మాట: ముందు కంకులు కోసి సంచిలో మూతి కట్టండి, దుబ్బు తరవాత తవ్వండి.

- ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ