టికెట్ మీద భోజనం ఆగే చోటు కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. దూరం బస్సు ఎక్కిన మనిషికి ఎక్కడ తినాలన్నది తన చేతిలో ఉండదు. బస్సు ఎక్కడ ఆగితే అక్కడే తినాలి, లేదంటే పస్తు. దీని గురించి ఎవరో ఒకరు రాస్తారని ఇన్నాళ్లు చూశాను. ఇక నేనే రాస్తున్నాను.

రెండు నెలల కిందట మా అమ్మను ప్రభుత్వ బస్సులో వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. అమ్మకు డెబ్బై ఏళ్లు దాటాయి, షుగర్ ఉంది. భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. కడప దాటాక "భోజనానికి ఎప్పుడు ఆపుతారన్నా?" అని కండక్టర్‌ను అడిగాను. "అరగంటలో ఆగుతాదమ్మా" అన్నాడు. ఆ మాట నమ్మి ఇంజెక్షన్ వేశాను. అరగంట అయింది, గంట అయింది, బస్సు ఆగలేదు. రాయచోటి కూడా దాటిపోయింది. చివరికి ఊరికి దూరంగా రోడ్డు పక్కన ఒక హోటల్ ముందు ఆగేసరికి అమ్మకు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. సంచిలో గ్లూకోజ్ పొడి ఉండబట్టి గండం గడిచింది.

పోనీ, ఆ హోటల్లో అమ్మ తినగలిగేది ఏమైనా ఉందా అంటే, ఇడ్లీ లేదు, పెరుగన్నం లేదు. ఫ్రైడ్ రైస్, నూడిల్స్, ఎప్పుడో వేయించి పెట్టిన పూరీలు ఉన్నాయి. ధరల బోర్డు ఎక్కడా కనిపించలేదు. చల్లారిన పప్పు, నీళ్ల సాంబారుతో మీల్స్‌కు 180 రూపాయలు తీసుకున్నారు. మరుగుదొడ్డికి మనిషికి 10 రూపాయలు, అయినా లోపల నీళ్లు లేవు. డ్రైవర్‌కు, కండక్టర్‌కు మాత్రం లోపలి గదిలో వేడిగా వడ్డించారు. వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. గంటల తరబడి స్టీరింగ్ పట్టుకునే మనిషికి మంచి భోజనం దొరకాలి. కానీ బస్సు ఆగే చోటు ఆ ఉచిత భోజనం వల్లో, హోటల్ యజమాని కట్టే డబ్బు వల్లో తేలిపోతే, టికెట్ కొన్న యాభై మంది సంగతి ఎవరు చూస్తారు?

హోటల్ వాకిట్లోని కొట్టులో 20 రూపాయల నీళ్ల బాటిల్‌ను 30కి అమ్మారు. అడిగితే "ఇది హోటల్, ఇక్కడ ఎంఆర్‌పీ ఉండదు" అన్నారు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయితే అది వడ్డించే సేవ ఉన్న చోటికి చెప్పింది. బాటిల్ చేతికిచ్చి పంపేసే కొట్టులో ఆ పేరు చెప్పడం మోసం. ఇలాంటి వాటి మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కానీ హారన్ కొడుతున్న బస్సు దగ్గర ఎవరికి అంత తీరిక ఉంటుంది?

రైల్లో కనీసం ఒక లెక్క ఉంది. లీటరు రైల్ నీర్ ధర 2025 సెప్టెంబర్ నుంచి 14 రూపాయలని అందరికీ తెలుసు. చాలా స్టేషన్లలో జనరల్ బోగీలు ఆగే చోట 20 రూపాయలకు పూరీ, కూర అమ్మే కౌంటర్లు పెట్టారు. బస్సు ప్రయాణికుడికి అలాంటి లెక్క ఏదీ లేదు.

మన దక్షిణాదిలో తిండికి కొదవ ఉందా అంటే, అసలు లేదు. బస్టాండ్ నుంచి రెండు వీధులు నడిస్తే చాలు. మన ఊళ్లలో పొద్దున్నే టిఫిన్ సెంటర్లలో ఆవిరి కక్కే ఇడ్లీ దొరుకుతుంది. కర్ణాటకలో దర్శిని హోటళ్లలో నిలబడి పది నిమిషాల్లో తిని వెళ్లిపోవచ్చు. సాంబారులో బెల్లం తగులుతుంది, మనకు కొంచెం కొత్తగా ఉంటుంది, అంతే. తమిళనాడులో మధ్యాహ్నం అరటాకు వేసి, అడిగినంత అన్నం వడ్డించే మెస్సులు ఉన్నాయి. కేరళలో గులాబీ రంగు నీళ్లు పెడితే మనవాళ్లు జంకుతారు గానీ, అవి పతిముగం చెక్క వేసి కాచిన నీళ్లు. దారిలో నాకు తెలిసినంతలో అంతకంటే నమ్మకమైన నీళ్లు లేవు. ఇంత ఉన్న చోట, ఊళ్లు దాటించి, ఒకే ఒక్క హోటల్ ఉన్న మైదానంలో జనాన్ని దించడం నాకు మింగుడు పడటం లేదు.

ప్రభుత్వాలకు చేతకాదా అంటే అదీ కాదు. తమిళనాడు 2013లో అమ్మ ఉణవగాలు, అంటే అమ్మ క్యాంటీన్లు తెరిచి రూపాయికి ఇడ్లీ పెట్టింది. కర్ణాటకలో 2017లో ఇందిరా క్యాంటీన్లు వచ్చాయి. మన దగ్గర అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి, 5 రూపాయలకే భోజనం పెడుతున్నాయి. మాకు రాయితీ కూడా అక్కర్లేదు. న్యాయమైన ధర ఎంతైతే అంత ఇస్తాం. శుభ్రంగా, వేడిగా, వేళకు పెట్టే చోట బస్సు ఆపమని మాత్రమే అడుగుతున్నాం.

దక్షిణాది రాష్ట్రాల రవాణా సంస్థలన్నిటినీ నేను కోరేది ఇదే. భోజనానికి బస్సు ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు ఆగుతుందో టికెట్ మీద ముద్రించండి. ట్రాఫిక్ వల్ల పావుగంట అటూ ఇటూ అయితే ఎవరూ గొడవ చేయరు. హోటల్‌ను ఎంచుకునేటప్పుడు మీకు ఎవరు ఎక్కువ డబ్బు కడతారన్నది ఒక్కటే చూడకండి. ధరల బోర్డు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు గోడ మీద కనిపించాలి. మరుగుదొడ్డి ఉచితంగా ఉండాలి. ఇడ్లీ, పెరుగన్నం, వేడి నీళ్లు తప్పనిసరిగా ఉండాలి. ఈ మూడూ ఉంటే ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, రోగులు గట్టెక్కుతారు. వీలైతే ఊళ్లోని బస్టాండులోనే అరగంట ఆపండి. నచ్చిన చోట తిని వస్తాం.

వచ్చే నెలలో అమ్మకు వేలూరులో మళ్లీ చెకప్ ఉంది. ఈసారి పెరుగన్నం డబ్బా కట్టుకునే బయల్దేరతాం. కానీ తిరుగు ప్రయాణం రెండు రోజుల తర్వాత. అప్పటికి ఆ డబ్బాలో ఏమీ మిగలదు. ఆ రోజు ఇంజెక్షన్ ఎన్ని గంటలకు వేయాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కర్నూలు