ఆటకు గంటల లెక్క సరే, ఆపే దారి ఎవరు చెబుతారు?

సంపాదకుల వారికి,

మొన్నటి ఆదివారం సంచికలో వీడియో గేముల మీద మీరు వేసిన పూర్తి పేజీ కథనానికి విషయం తెలిసిన వారెవరైనా సవరణ రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఈలోగా మీరు అచ్చువేసిన ఉత్తరాలన్నీ "మంచి వ్యాసం, తల్లిదండ్రులు మేల్కోవాలి" అన్న బాపతే. తల్లిదండ్రులు ఎప్పుడో మేల్కొన్నారండీ, మేల్కొని ఏం చెయ్యాలో చెప్పే నాథుడే లేడు.

ముందుగా ఆ ఎర్రక్షరాల వాక్యం సంగతి. "రోజుకు రెండు గంటలు దాటితే వ్యసనమే" అన్నారు. ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి? ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో గేమింగ్ డిజార్డర్ ఉంది, దానికి నిర్వచనమూ ఉంది, కానీ అందులో గంటల ఊసే లేదు. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మనిషి చేతిలో లేకుండా పోవడం, మిగతా పనులూ సరదాలూ అన్నీ ఆట తర్వాతే అన్నట్టు మారడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆట మానకపోవడం: ఈ మూడూ చూస్తారు. వీటివల్ల చదువో, ఉద్యోగమో, ఇంట్లో వాళ్లతో సంబంధాలో గట్టిగా దెబ్బతిని ఉండాలి. ఇదంతా మామూలుగా 12 నెలలు సాగితేనే ఆ పేరు పెడతారు. తీవ్రత మరీ ఎక్కువైతే అంతకన్నా ముందే నిర్ధారించవచ్చు. సెలవు రోజున మూడు గంటలు ఆడి, పిలవగానే లేచి అన్నానికొచ్చే పిల్లాడు మీ ఎర్రక్షరాల ప్రకారం రోగి. గంటే ఆడినా, ఆ గంట కోసం పరీక్ష ఎగ్గొట్టి ఇంట్లో అబద్ధం చెప్పిన వాడు మాత్రం ఆరోగ్యవంతుడు!

ఒంటికి జరిగే నష్టం గురించి మీ కథనంలో ఉన్నది ఒకే ముక్క: "కళ్లు, మెడ, నడుము దెబ్బతింటాయి." ఎలా దెబ్బతింటాయి, ఎందుకు, ఏం చెయ్యాలి? బొటనవేళ్ల పేరైనా ఎత్తలేదు. ఫోన్ అడ్డంగా పట్టుకుని ఆడేటప్పుడు పనంతా ఆ రెండు వేళ్లదే. బొటనవేలిని ఎత్తే, పక్కకు లాగే రెండు స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు పక్కన ఒక ఇరుకైన తొడుగులోంచి వెళతాయి. గంటల తరబడి అదే కదలికతో అక్కడ రాపిడి పుట్టి, తొడుగు మందమై, వేలు కదిపినప్పుడల్లా చురుక్కుమంటుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు. నింటెండో ఆట ఆగకుండా ఐదు గంటలు ఆడి బొటనవేలి నొప్పితో వచ్చిన ఒక మహిళ గురించి 1990లోనే న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక డాక్టర్ ఉత్తరం రాశారు. ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లతో పిడికిలి మూసి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచాలి. బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర పదునైన నొప్పి వస్తే కొన్నాళ్లు ఆట ఆపి, ఆ వేలికి పట్టీ కట్టి విశ్రాంతి ఇవ్వాలి. బలవంతంగా వంచకూడదు. రాత్రిళ్లు బొటన, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది వేరే జబ్బు. మణికట్టులో నరం నలుగుతోందన్నమాట. నూనె రాసుకుంటూ నెలలు గడపకుండా డాక్టర్‌కు చూపించాలి.

మెడ మాట. తల నిటారుగా ఉన్నప్పుడు మెడ మోసేది సుమారు 5 కిలోలు. 60 డిగ్రీలు ముందుకు వంచితే ఆ భారం 27 కిలోల దాకా వెళుతుందని 2014లో ఒక శస్త్రవైద్యుడు లెక్కకట్టారు. అది నమూనా మీద వేసిన లెక్కే అనుకోండి, అయినా విషయం బోధపడుతుంది. దీనికి విరుగుడు పైసా ఖర్చు లేనిది. ఒళ్లో దిండు పెట్టుకుని మోచేతులు దానిమీద ఆనిస్తే ఫోన్ దానంతటదే ముఖం ఎత్తుకు వస్తుంది. కంప్యూటర్ అయితే తెర పైఅంచు కంటికి సమంగా ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి. పెద్దల కుర్చీలో కూర్చున్న పిల్లల కాళ్లు గాల్లో వేలాడుతుంటాయి కాబట్టి కాళ్ల కింద పీట వెయ్యాలి. ఈ నాలుగు ముక్కలకు మీ పేజీలో చోటు లేదు గానీ, ఎర్ర కళ్లతో చీకట్లో కూర్చున్న పిల్లాడి బొమ్మకు పావు పేజీ దొరికింది.

కంటికి 20-20-20 సూత్రం చెప్పారు, సంతోషం. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరాన్ని, 20 సెకన్లు చూడమన్నారు. ఆన్‌లైన్ మ్యాచ్ మధ్యలో 20 సెకన్లు కిటికీలోంచి చూస్తే ఏమవుతుందో రాసినవారికి తెలిసినట్టు లేదు. జట్టు ఓడుతుంది, నలుగురూ తిడతారు, ఇక ఆ పిల్లాడు జన్మలో ఆ సూత్రం పాటించడు. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య లేచి నిలబడమనండి, చేస్తాడు. తెర చూస్తున్నంతసేపూ రెప్పపాట్లు బాగా తగ్గిపోతాయి, కళ్లు మండేది అందుకే. ఇక దూరపువి మసకగా కనిపించే దగ్గరచూపు జబ్బు (మయోపియా) రాకుండా బాగా రుజువైన మార్గం ఆరుబయట పగటి వెలుతురులో గడపడం. ఆరుబయట అంటే ఎక్కడ? మైదానాలకు తాళాలు, పార్కుల్లో "బంతి ఆట నిషేధం" బోర్డులు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఆ బోర్డులు పాతించిన అధికారులే అవగాహన సదస్సులో పిల్లలకు వ్యాయామం మీద ఉపన్యాసం ఇస్తారు. ఆ సదస్సు ఫొటో కూడా మీ పేపర్లోనే వస్తుంది.

మూర్ఛ ఉన్నవాళ్లకు కథనంలో ఒక్క వాక్యం దక్కలేదు. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుగు కొందరిలో ఫిట్స్ తెప్పిస్తుంది. అలాంటివారికి తెర మీద మెరుపులు మొదలైతే రెండు కళ్లూ మూసుకోవడం పొరపాటు. అరచేత్తో ఒక కన్ను పూర్తిగా కప్పి, ముఖం పక్కకు తిప్పాలి. చీకటి గదిలో పెద్ద తెరకు దగ్గరగా కూర్చోవద్దని, నిద్ర లేకుండా ఆడవద్దని వారికి గట్టిగా చెప్పాలి.

మనసు సంగతికి వస్తే, మీరు పిల్లవాడి బలహీనత గురించి రెండు కాలమ్‌లు రాసి, ఆట తయారీ గురించి అక్షరం రాయలేదు. అసలు పట్టంతా అక్కడుంది. రోజూ తెరిస్తేనే ఇచ్చే బహుమతి, ఒక్కరోజు తప్పితే సున్నాకు పడిపోయే వరుస రోజుల లెక్క, ఈ వారం దాటితే మళ్లీ దొరకదనే గడువు, డబ్బు పెట్టి తెరిస్తే లోపల ఏముందో తెలియని లూట్ బాక్స్. ఏ ప్రయత్నానికి బహుమతి వస్తుందో తెలియకపోతే మనిషి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. జూదం యంత్రం నడిచేదీ ఈ సూత్రం మీదే. అందుకే బెల్జియం 2018లో, డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సులు తన జూద చట్టం కిందికే వస్తాయని తేల్చింది. గంటలు కట్టడి చేసిన దేశాలూ ఉన్నాయి. దక్షిణ కొరియా 16 ఏళ్ల లోపు వారికి అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ ఆటలు మూయించే చట్టం 2011లో తెచ్చి, పదేళ్ల తర్వాత తానే ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. చైనా 2021 నుంచి మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే అనుమతిస్తోంది. వీటి మంచిచెడ్డలు చర్చించండి, చదువుతాం. గేములు హంతకుల్ని తయారుచేస్తాయనే పాత పాట మాత్రం వద్దు. హింసాత్మక ఆటలకూ నిజమైన హింసకూ కార్యకారణ సంబంధం చూపే ఆధారాలు చాలవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో స్పష్టంగానే చెప్పింది. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఏకాగ్రత లోపం ఉన్న 8 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం ఒక వీడియో గేమ్‌ను డాక్టర్ చీటీ మీద ఇచ్చే చికిత్సగా అనుమతించింది.

ఇంట్లో రోజూ జరిగే గొడవ గురించి ఒక్క మాట. "ఇంకో పది నిమిషాలే" అనడం దండగ, మ్యాచ్ పది నిమిషాల్లో ముగియదు. "ఇంకో మ్యాచ్, తర్వాత ఆపు" అనాలి, అది మొదలు కాకముందే అనాలి. మధ్యలో వైఫై కట్టేస్తే కొన్ని ఆటల్లో పారిపోయిన కింద లెక్కగట్టి ర్యాంకు తగ్గిస్తారు. పిల్లాడి అరుపులకు సగం కారణం అదే. పడుకునే గంట ముందు, గెలుపోటములతో ర్యాంకు మారే మ్యాచ్‌లు వద్దు. తెర పసుపురంగుకు మార్చినంత మాత్రాన ఓడిన కసి తగ్గి నిద్ర రాదు. ఫోన్ ఛార్జర్ పడకగదిలో ఉండకూడదు, పెద్దలది కూడా. స్టోర్ ఖాతాలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి, కార్డు వివరాలు తీసేయండి.

ఆ రెండు గంటల వాక్యానికి సవరణ వెయ్యండి. లోపలి పేజీలో, సినిమా ప్రకటన కింద చిన్నక్షరాల్లో కాకుండా, కథనం వచ్చిన ఆదివారం పేజీలోనే వెయ్యండి. డాక్టర్ అభిప్రాయం వేసేటప్పుడు ఆయన ఏ శాఖ డాక్టరో కూడా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు