2025వ సంవత్సరపు వార్షిక నివేదిక: మన కాలనీ, మన ఇరుగుపొరుగు

గౌరవ సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారములు.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో అధిక భాగం అక్టోబరు 28 నాటి మొంథా తుపాను రాత్రితో ముడిపడినవే కనుక, ఈ నివేదికలో ఆ రాత్రి గురించే ఎక్కువగా చెప్పవలసి వస్తోంది. జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

మన కాలనీలో స్థలాలను లాటరీ తీసి కేటాయించిన సంగతి మీకు తెలిసిందే. గోదావరి లంకల నుంచి వచ్చినవారు, ఏటిగట్టు పక్కన పాకల్లో ఉన్నవారు, పట్నంలో అద్దెకుండి వచ్చినవారు ఒకే వరుసలో పక్కపక్కన పడ్డారు. ఆ పద్ధతిలో పక్షపాతానికి తావులేదన్నది నిజమే. కానీ ఏళ్ల తరబడి ఒకరి పిల్లలను ఒకరు చూసుకున్న ఇరుగుపొరుగువారిని అది చెరొక చివరకు చేర్చింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను ఊడ్చేసినప్పుడు, శ్లాబు ఇల్లున్నవారి గదుల్లో వీధి వీధంతా తలదాచుకుందని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. పిలవకపోయినా వెళ్లగలిగే చనువు ఉండబట్టే వారు ఆ తలుపు తట్టగలిగారు. నేడు మనందరి నెత్తిన శ్లాబు ఉంది, ఆ చనువును మాత్రం మళ్లీ మొదటినుంచి కూడబెట్టుకోవలసి వచ్చింది.

అందుకోసమే జూన్ నెలలో వీధి పుస్తకాలు రాయించాము. డ్వాక్రా మహిళలు ఇల్లిల్లూ తిరిగి, మంచాన ఉన్నవారెవరో, ఇన్సులిన్ వాడేవారెవరో, కూతురో కోడలో గల్ఫ్‌కు వెళ్లగా మనవలతో ఉంటున్న ముసలివారెవరో నమోదు చేశారు. ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడగానే ఎవరు ఎవరి తలుపు తట్టాలో, 13.75 అడుగుల వద్ద ఇచ్చే రెండో హెచ్చరిక నాటికి లంకల్లోని మన బంధువులకూ వారి పశువులకూ ఎక్కడ చోటివ్వాలో కూడా అందులోనే రాసుకున్నాము.

మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటిన రాత్రి ఆ పుస్తకాలే అక్కరకు వచ్చాయి. నడవలేనివారిని చీకటి పడకముందే పాఠశాల భవనానికి చేర్చగలిగాము. అయితే ఒక లోపం జరిగింది. ఇళ్ల పట్టా ఎవరి పేరున ఉందో వారినే నమోదు చేయడం వల్ల, మూడో వీధి చివర నెలల బిడ్డతో అద్దెకుంటున్న కుటుంబం పుస్తకంలో లేదు. పాలు పోసే ఆమెకు గుర్తుకు వచ్చి చెప్పబట్టి, గాలి ముదరకముందే వారిని తీసుకురాగలిగాము. పుస్తకాలను సరిచూడవలసిన బాధ్యత నాది కనుక ఆ లోపానికి నేనే బాధ్యుడిని. పట్టా రద్దవుతుందేమోనన్న భయంతో అద్దె సంగతి దాచిన యజమానులూ ఉన్నారు. వీధి పుస్తకం సంఘం దాటి ఎక్కడికీ పోదని హామీ ఇచ్చిన తరువాత వారిలో ఎక్కువమంది వివరాలు ఇచ్చారు.

ఇళ్లు ఇచ్చేవారు పాత ఇరుగుపొరుగువారిని విడదీయకుండా చూడాలని మనం అడగడానికి బలమైన ఆధారం ఉంది. 1995 జనవరి 17న జపాన్‌లో కోబే భూకంపం వచ్చినప్పుడు, అవాజీ దీవిలోని హోకుదాన్ పట్టణంలో శిథిలాల కింద చిక్కుకున్న దాదాపు 300 మందిని ఇరుగుపొరుగువారూ స్థానిక స్వచ్ఛంద అగ్నిమాపక దళమూ బయటకు తీశారు. ఏ ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో వారికి తెలుసు. అదే భూకంపం తరువాత కోబేలో తాత్కాలిక గృహాలను లాటరీ ద్వారా కేటాయించడంతో వృద్ధులు తెలిసినవారికి దూరమయ్యారు, వారిలో కొందరు ఒంటరిగా మరణించినా వెంటనే ఎవరికీ తెలియలేదు. 2011 సునామీ తరువాత జపాన్‌లోనే ఇవనుమా నగరంలో పాత ఊళ్లవారిని కలిపి ఒకేచోటికి తరలించగా, వారి మధ్య రాకపోకలు మెరుగ్గా నిలిచాయని పరిశోధకులు గుర్తించారు. ఒక వాడవారికి ఒకే వరుసలో స్థలాలు ఇవ్వడానికి అదనంగా అయ్యే ఖర్చు స్వల్పమేనని నా అభిప్రాయం.

మెరక పని రెండు వీధుల్లో పూర్తయింది. మురుగు కాలువలో గుర్రపు డెక్కను సభ్యులే రెండుసార్లు తీశారు, అయినా కాలువ మట్టం రోడ్డుకు తగినట్టు లేనందున నీరు వెనక్కి తన్నుతూనే ఉంది. సంబంధిత కార్యాలయానికి మూడు అర్జీలు ఇచ్చినా జవాబు రాలేదు.

రెండో విడత కేటాయింపులు వాడలవారీగా జరపాలని కోరే తీర్మానాన్ని ఈ సమావేశంలో ప్రవేశపెడుతున్నాము. అద్దెకుంటున్నవారికి కూడా సభ్యత్వం ఇచ్చే నిబంధన దానితోపాటే చర్చకు వస్తుంది. మీ వీధిలో కొత్తగా దిగినవారిని వెంటబెట్టుకుని రావలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి