నాన్నగారికి, క్లీవ్‌లాండ్ నుంచి

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మాత్రలు మధ్యలో మానేయవద్దని గట్టిగా చెప్పండి. నాకు ఈ నెలంతా రాత్రి షిఫ్టు. పని మామూలే, రాయడానికేం లేదు.

మొన్న ఫోన్లో నేను "అలూమినం" అనగానే మీరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నేళ్ళు పిల్లలకి అల్యూమినియం అనే చెప్పానురా" అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు మనసు మనసులో లేదు. నేను మారిపోయాననుకుంటున్నారేమో. లోహం కరిగించి అచ్చుల్లో పోసే మా ఫౌండ్రీలో అందరూ అలాగే అంటారు నాన్నగారూ, వాళ్ళతో పొద్దస్తమానం మాట్లాడి నోటికి అదే అలవాటైంది. అంతకుమించి ఏమీ లేదు.

నిజానికి రెండు పేర్లూ ఇంగ్లండులో పుట్టినవే. ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ పాఠం మీరే మాకు చెప్పారు. లోహాన్ని ఇంకా ఎవరూ విడదీయకముందే, 1808లో ఆయన దానికి 'అల్యూమియం' అని పేరు పెట్టేశాడు. 1812లో తన పుస్తకంలో 'అల్యూమినమ్' అని మార్చాడు. అదే ఏడాది ఆ పుస్తకాన్ని సమీక్షించిన లండన్ పత్రిక, ఆ పేరు ప్రాచీన భాషల తీరులో లేదు, 'అల్యూమినియం' అంటే బాగుంటుందని రాసింది. సోడియం, పొటాషియం పక్కన అది చక్కగా ఒదిగింది. అమెరికాలో మాత్రం 1828 నాటి వెబ్‌స్టర్ నిఘంటువు 'అల్యూమినమ్'నే ఉంచింది. 1925లో ఇక్కడి కెమికల్ సొసైటీ కూడా దాన్నే ఖాయం చేసింది. కాబట్టి వీళ్ళది పలకడం రాకపోవడం కాదు. 1990లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ప్రామాణికంగా తీసుకున్నదేమో మీరు బోర్డు మీద రాసిన పేరునే.

ఇక్కడికి గంటలోపు దూరంలో ఓబర్లిన్ అనే ఊరుంది. 1886లో చార్లెస్ మార్టిన్ హాల్ అనే 22 ఏళ్ళ కుర్రాడు ఇంటి వెనక కట్టెల కొట్టంలో బ్యాటరీల కరెంటుతో ఈ లోహాన్ని చౌకగా తీసే పద్ధతి కనిపెట్టింది అక్కడే. కెమిస్ట్రీ చదివిన అక్క జూలియా పక్కనుండి సాయం చేసింది. అదే ఏడాది ఫ్రాన్సులో పాల్ ఎరూ అనే ఆయన కూడా విడిగా అదే పద్ధతి కనిపెట్టాడు. అంతకుముందు ఇది ఎంత ఖరీదంటే, 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభానికి శిఖరంగా చిన్న అల్యూమినియం ముక్క పెట్టడమే గొప్ప సంగతి. ఓబర్లిన్ కాలేజీలో హాల్ విగ్రహం కూడా ఆ లోహంతో పోసిందే. ఇంత అమెరికావాడూ తన పేటెంటులో 'అల్యూమినియం' అనే రాసుకున్నాడు. అది చదవగానే మీరే గుర్తొచ్చారు.

అసలు మాట లాటిన్ 'అలూమెన్'. అంటే మన పటిక. పటికలో దాగిన తెల్లటి పదార్థానికి అల్యూమినా అని, అందులోని లోహానికి ఈ పేరు. కాలవలో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు బామ్మ కడవలో పటిక తిప్పేది కదా. పటిక నీళ్ళలో కరిగి జిగురుగా మారుతుంది, బురదంతా దానికి అంటుకుని అడుక్కి దిగుతుంది. ఆ జిగురు అల్యూమినియం హైడ్రాక్సైడే. బామ్మ ఉంటే ఈ సంగతి ఆవిడకే ముందు చెప్పేవాడిని. పెద్దచెంబుతో ఆ తేట నీళ్ళు ముంచిచ్చేది నాకు.

అమ్మా, నువ్వు కొలిమి అనగానే టెన్షన్ పడుతున్నావని అక్క చెప్పింది. ఈ లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఇనుముకి అందులో రెండింతలు పైన కావాలి. ముఖానికి అద్దం, చేతులకి మందపాటి తొడుగులు లేకుండా మమ్మల్ని దగ్గరికే రానివ్వరు. నిజంగా చెప్తున్నాను, నాకేం కాలేదు. నువ్వు మాత్రం ఆ పాత సిల్వర్ గిన్నెలో, అదీ అల్యూమినియమే, చింతపండు పులుసు రాత్రంతా ఉంచకు. పులుపు తగిలితే లోహం కూరలోకి దిగుతుంది. స్టీలు గిన్నెలోకి తీసెయ్యి.

తమ్ముడి ఫీజు డబ్బు పంపాను, అందిందో లేదో వాణ్ణి మెసేజ్ పెట్టమనండి. వాడు నాకు ఫోన్ చేయడం తగ్గించాడు, ఎందుకో కనుక్కోండి, కోప్పడకుండా.

సంక్రాంతికి రావడానికి సెలవు అడిగాను. మీకేం తేవాలో రాయండి నాన్నగారూ, ఏమీ వద్దనకండి.

మీ
పెద్దబాబు