జకార్తా వెళ్ళేవాళ్ళు ఆ మైదానం కూడా చూసి రండి

సంపాదకుడికి,

అయ్యా,

సెలవులు దగ్గరపడితే పత్రికల్లో ఇండోనేషియా యాత్రల ప్రకటనలు వరస కడతాయి. అన్నిటిలోనూ బాలి ఒక్కటే. జావా ద్వీపం, అందులోని జకార్తా విమానం మారే చోటుగా తప్ప కనిపించవు. మా అమ్మాయి ఉద్యోగం అక్కడే కావడంతో కిందటి ఏడాది నెల రోజులు ఉండి వచ్చాను. ముప్పై ఏళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ని కదా, ఊళ్ళో దిగగానే చూపించమని అడిగింది సెనయన్‌లోని గెలోరా బుంగ్ కర్నో స్టేడియాన్ని.

ఎందుకంటే 1962 సెప్టెంబరు 4న ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది అక్కడే. జట్టును నడిపిన శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ముందు వరసలో ఆడినవారిలో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఒకరు. ఆ టోర్నీ మొదట్లో అదే కొరియా చేతిలో మనవాళ్ళు 2–0తో ఓడారు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందుకు పంపి ఆడించారు. పి.కె. బెనర్జీ మొదటి గోలు కొడితే, రెండోది ఆ కుట్ల తల మనిషే కొట్టాడు! ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ఇండోనేషియా వీసాలు నిరాకరించడాన్ని మన క్రీడాధికారి ఒకరు తప్పుపట్టినందుకు ఊరంతా మన మీద కోపంగా ఉంది. స్టేడియం నిండా ఈలలు, కేకలు. మనవాళ్ళ కోసం గొంతెత్తిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు.

ఆదివారం తెల్లవారుజామున మనవణ్ని వెంటబెట్టుకుని వెళ్ళాం. పక్కనున్న సుదీర్మాన్ రోడ్డు మీద ఆదివారం ఉదయం కార్లు ఆపేస్తారు. రోడ్డంతా సైకిళ్ళు, నడిచేవాళ్ళు, తోపుడు బండ్లు. ఒక బండి దగ్గర కోడి మాంసం తురుము, వేయించిన ఉల్లిపాయలు చల్లిన వేడి బియ్యపు జావ ఇచ్చారు. జావాలో జావ అని మావాడు రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. స్టేడియం సోవియట్ రుణంతో కట్టింది, 1962 జులైలో ప్రారంభించారు. అప్పట్లో లక్ష మందికి పైగా పట్టేదట, మరమ్మతుల తర్వాత ఇప్పుడు సుమారు 77 వేలు. చుట్టూ ఉంగరంలా తిరిగిన పైకప్పు. దాని చుట్టూ ఉన్న బాట మీద పరుగు తీసేవాళ్ళు వందల్లో ఉన్నారు. ఇంకా మసకచీకటిగానే ఉంది, ఒక ముసలాయన చెప్పులు చేత పట్టుకుని వట్టి కాళ్ళతో నడుస్తున్నాడు. లోపలికి ఆ రోజు అనుమతి లేదు. గేటు ఊచల్లోంచి ఎరుపు, తెలుపు కుర్చీల వరసలు, కొంచెం పచ్చిక కనిపించాయి. అంతే చూశాను. కాపలా మనిషికి అమ్మాయి వాళ్ళ భాషలో కథంతా చెబితే, "ఇండియానా? ఫుట్‌బాల్‌లోనా?" అని రెండుసార్లు అడిగాడు.

అక్కడి నుంచి మెట్రోలో నాలుగో స్టేషన్ బుందరాన్ హెచ్‌ఐ. ఆ కూడలిలో చేతులు పైకెత్తి నిలబడిన జంట విగ్రహం ఉంది, అదీ 1962 క్రీడలకు వచ్చే అతిథులకు స్వాగతంగా పెట్టిందే. ఇంకా ముందుకు వెళితే జాతీయ స్మారక స్తంభం, దాని దగ్గర్లో కృష్ణార్జునుల రథం. ముస్లింలు అధికంగా ఉన్న దేశంలో నడిరోడ్డు మీద గుర్రాలు కట్టిన ఆ రథాన్ని చూస్తే తెలుగువాళ్ళు ఎవరైనా ఆగిపోతారు. ఇదంతా ఒక్క పూటలో చూడవచ్చు. యాత్రల సంస్థలు బాలికి ముందో వెనకో ఈ పూట కలిపితే పోయేదేముంది?

మన ఊరి సంగతీ చెప్పాలి. మా పేటలో పిల్లలు బంతాట ఆడుకునే మైదానానికి సాయంత్రం నాలుగు కాగానే తాళం పడుతుంది, పెళ్ళిళ్ళ రోజుల్లో అది కార్లు నిలిపే చోటు. అడిగితే భద్రత కోసమంటారు. లక్ష మంది కూర్చున్న స్టేడియం ఆవరణలో తెల్లవారకముందే జనం పరుగెత్తుతుంటే, మన చిన్న మైదానానికి ఏం భద్రతో నాకు అర్థం కాదు. పాలకులు కొత్త స్టేడియాలు కట్టకపోయినా సరే, ఉన్నవాటిని ఉదయం, సాయంత్రం తెరిచి ఉంచమని కోరుతున్నాను. గేటు దగ్గర రహీం, బలరాం పేర్లతో, ఆ తేదీతో ఒక పలక పెడితే పెద్ద ఖర్చు కాదు.

సెప్టెంబరు 4న బడుల్లో ప్రార్థన వేళ రెండు నిమిషాలు ఈ కథ చెప్పమని కూడా అడుగుదామనుకున్నాను. తిరుగు ప్రయాణంలో మనవడు, "తాతయ్యా, నువ్వు మీ బడిలో చెప్పేవాడివా?" అన్నాడు. లేదు, ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

— విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్