గల్లా భాష గురించి ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

అమెరికా బానిసత్వంపై గత ఆదివారం మీరు ప్రచురించిన వ్యాసంలో, ఓడలు దిగిన ఆఫ్రికన్లు తమ సంస్కృతిని పూర్తిగా పోగొట్టుకున్నారనీ, దక్షిణ కరోలినా, జార్జియా తీర దీవుల్లోని గల్లా ప్రజలు (ఆ బానిసల వారసులు) మాట్లాడేది వచ్చీరాని ఇంగ్లిష్ అనీ ఉంది. రచయిత సానుభూతితోనే రాసినా ఈ రెండు మాటలూ సరిదిద్దవలసినవి.

గల్లాలో ఆఫ్రికా భాషల నుంచి వచ్చిన మాటలు, ముఖ్యంగా మనుషుల పేర్లు, వేల సంఖ్యలో ఉన్నాయని నల్లజాతి భాషావేత్త లొరెంజో డౌ టర్నర్ 1949లోనే గ్రంథస్థం చేశారు. అంతకుముందు, 1930ల తొలినాళ్లలో, జార్జియాలోని హారిస్ నెక్‌లో అమీలియా డాలీ అనే ఆవిడ పాడిన చిన్న పాటను ఆయన రికార్డు చేశారు. దాని అర్థం ఆవిడకే తెలియదు; పెద్దల నోట విన్నదాన్ని కూతురికి నేర్పింది, అంతే. అది పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లోని మెండే భాష అని తర్వాత తేలింది. దశాబ్దాల అనంతరం పరిశోధకులు ఆ దేశంలోని సెనెహున్ న్గోలా అనే పల్లెలో అదే పాట తెలిసిన బెండు జబాటి అనే ఆవిడను వెతికి పట్టుకున్నారు. అక్కడ అది సమాధి దగ్గర ఆడవాళ్లు పాడే చావుపాట. సముద్రం దాటాక పిల్లల ఆటపాటయింది. అమీలియా కూతురు మేరీ మోరన్ 1997లో ఆ పల్లెకు వెళ్లి వచ్చారు. చావుపాట ఆటపాటగా మారింది కాబట్టి సంస్కృతి చెక్కుచెదరకుండా నిలిచిందని నేనూ అనను; పూర్తిగా పోలేదనే అంటున్నాను.

1739లో అక్కడి బానిసలు చేసిన స్టోనో తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడాది దక్షిణ కరోలినా చట్టం బానిసలకు డప్పులను, బూరలను నిషేధించింది. అయినా దరువు ఆగలేదు. జార్జియా తీరంలో నేటికీ సాగే 'రింగ్ షౌట్' అనే ఆరాధనలో ఒకరు చీపురుకర్రతో చెక్కనేల మీద దరువు వేస్తారు, మిగిలినవారు చప్పట్లతో వలయంగా కదులుతారు. పాదం మీదుగా పాదం దాటితే నాట్యమవుతుందని, ఆరాధనలో నాట్యం తగదని, అడుగులు ఈడుస్తూనే నడుస్తారు. వరి మళ్లలో పనిచేసిన ఆ ప్రజలు వడ్లు చెరిగిన చేటలు మన వెదురు చేటల వంటివి కావు. గడ్డికట్టను చుట్టలుగా తిప్పుతూ కుట్టినవి. ఆ కుట్టుపనితోనే చార్ల్స్‌టన్ దగ్గర రోడ్డు పక్కన ఇప్పటికీ బుట్టలు అమ్ముతున్నారు.

కోల్పోయినదాని గురించే రాయదలిస్తే మీ రచయిత హారిస్ నెక్ భూముల సంగతి రాయవలసింది. 1942లో యుద్ధ విమానాశ్రయం కోసమని ప్రభుత్వం అక్కడి నల్లజాతి కుటుంబాలను ఖాళీ చేయించింది. యుద్ధం ముగిసినా భూమి వారికి తిరిగి దక్కలేదు; అమీలియా పాడిన ఆ చోట ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ కేంద్రం ఉంది.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం