బడిలో నేర్పాల్సింది కీబోర్డు మీద చేతి నేర్పు

సంపాదకులకు,

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పిల్లలకు బడి దాటగానే కంప్యూటర్ పని దొరికేది జనసేవా కేంద్రంలోనో, జెరాక్స్ షాపులోనో. అక్కడ మౌస్ నిర్వచనం ఎవరూ అడగరు. తెలుగు, ఒడియా రెండూ తప్పుల్లేకుండా కొట్టగలవా అని అడుగుతారు.

అందుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, అంటే భారతీయ భాషలకు ఉమ్మడిగా ఉన్న మీటల అమరిక, నేర్పాలి. విండోస్‌లో అది ముందే ఉంటుంది. సెట్టింగుల్లో రెండు భాషలూ చేర్చుకుంటే, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కగానే భాష మారుతుంది. తెలుగు 'క', ఒడియా 'క' రెండూ 'కె' మీట మీదే. 'అమ్మ' రాయాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. ఒత్తు కోసం మధ్యలో డి పడాలి. పిల్లలు తడబడేది అక్కడే. ఒక భాషకు వేళ్లు అలవాటైతే రెండోది సగం వచ్చేసినట్టే. దయచేసి పాత డీటీపీ (అచ్చుపని) ఫాంట్లతో మొదలుపెట్టించకండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అక్షరాలన్నీ పిచ్చిగీతలవుతాయి, వెతికితే మాట దొరకదు.

టైపింగ్ తర్వాత ఎక్సెల్. పట్టికలు వేసే ఈ ప్రోగ్రాం ఒక సంఖ్యలో 15 అంకెలే నిలుపుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు నేరుగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. నంబర్లు ఎక్కించకముందే ఆ నిలువు వరుసను 'టెక్స్ట్'గా మార్చాలి. తర్వాత మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. ఓ ముసలామె పింఛను ఆగిపోవడానికి ఆ ఒక్క సున్నా చాలు.

ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరికి మించితే మౌస్ పట్టినవాడికే పని వస్తుంది. పావుగంటకోసారి చేతులు మారాలి. ఇక కరెంటు సంగతి తెలిసిందే: పేరా పేరాకూ కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి సేవ్ చేయడం మొదటి రోజే అలవాటు చేయించాలి.

– కంప్యూటర్ ఉపాధ్యాయులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా